సాలీడు వెల్లకిలా పడుకున్నప్పుడు

పదకొండో రోజు కూడా సాలీడు బొద్దింకను ముట్టలేదు.

కాలేబు తొట్టికి మూతగా ఉన్న వైరుజాలీ మీది ఇటుకలు రెండూ దించి, పొడుగు పటకారుతో బొద్దింకను బయటికి తీశాడు. అది మీసాలు ఆడిస్తూనే ఉంది. రాత్రంతా సాలీడు ముందే తిరిగినట్టుంది, ఒక్క కాలూ ఊడలేదు. తిండి మానేసిన సాలీడు దగ్గర బతికున్న బొద్దింకను ఉంచకూడదు. పొర విడిచిన రోజున దాని ఒళ్ళు తాటిముంజెలా ఉంటుంది. అప్పుడు బొద్దింకే దాన్ని కొరుక్కు తింటుంది. ఈ సంగతి అతనికి ఏ పుస్తకమూ చెప్పలేదు. మూడేళ్ళలో అది రెండుసార్లు పొర విడిచింది. రెండుసార్లూ స్టూలు వేసుకుని పక్కనే కూర్చుని చూశాడు.

పక్క పగిలి ప్లాస్టరు అంటించిన పాత చేపల తొట్టి అది. అడుగున కొబ్బరిపొట్టు, దాని మీద ఏటవాలుగా ఒక జీడిమామిడి బెరడు. బెరడు నీడలో అరచేయంత సాలీడు. మామూలుగా కాళ్ళ మీద పసుపు చారలు మెరుస్తుంటాయి. ఇప్పుడు ఒళ్ళంతా దుమ్ము కొట్టినట్టు వెలిసిపోయింది. కడుపు మాత్రం నిండుగా, నున్నగా ఉంది.

"వారంలోపే," అనుకున్నాడు కాలేబు. గిన్నెలోని దూదిని నీళ్ళతో తడిపి మూలన పెట్టి, జాలీ మూసి, ఇటుకలు ఎత్తాడు.

టెక్కలిలోని ఆ ప్రైవేటు జూనియర్ కాలేజీలో అతను పదిహేడేళ్ళుగా జువాలజీ ల్యాబు అటెండరు. గోడ పొడుగునా అల్మరాలో ఇరవైమూడు గాజుసీసాలున్నాయి. సముద్రపు పాము, నక్షత్రచేప, ముళ్ళకాయలాంటి సీ అర్చిన్, గుడ్లతో ఉన్న పీత. భావనపాడులో పడవలు ఒడ్డుకొచ్చే వేళకి వెళ్ళి, వలల్లోంచి జాలర్లు విసిరేసినవి ఏరి, తడిగోనెలో బస్సుమీద అవన్నీ తెచ్చింది అతనే. ఒక్కో సీసాకి ఒక్కో చీటీ. పేరు, దొరికిన చోటు, సేకరించినవారు, భద్రపరచినవారు, స్థితి, తేదీ. చీటీలు రాసేదీ అతనే. ఊరి బడిలో పంతులు బెత్తంతో నేర్పిన గుండ్రటి చేతిరాత. సేకరించినవారు అన్న గీత మీద ఇరవైమూడుసార్లూ రాసిన పేరు ఒకటే: కె. నారాయణమూర్తి, ఎమ్మెస్సీ.

జువాలజీ లెక్చరర్ నారాయణమూర్తి పదిన్నరకి వచ్చాడు. కొత్త సెల్‌ఫోను బల్ల మీద పెట్టి, కుర్చీ తుడిపించుకుని కూర్చున్నాడు.

"కాలేబూ, శుక్రవారం తనిఖీ కమిటీ వస్తోంది. అల్మరా అద్దాలు, బల్లలు, అన్నీ మెరవాలి. ఆ టరంటులాను ముందు బల్ల మీద పెట్టు. జిల్లాలో ఏ కాలేజీకీ బతికున్నది లేదు. వాళ్ళ ముందు అది కదలాలి."

"శుక్రారానికి అది కదల్దు సార్."

"ఏం?"

"పొర ఇడిసీటట్టున్నాది. తిండి మానేసింది. రేపో ఎల్లుండో గూడు అల్లుకొని యెల్లకిలా తొంగుంటాది. సూసినోల్లకి సచ్చిపోయినట్టే ఉంటాది సార్, గానీ సావదు. అప్పుడు దాన్ని కదిపితే మాత్రం సస్తాది. తొట్టి కూడా జరపకూడదు."

నారాయణమూర్తి సెల్‌ఫోను బొత్తాలు నొక్కుతున్నాడు. "అలాగేలే," అన్నాడు.

కాలేబు ఇంకాసేపు నిలబడ్డాడు. తను చెప్పినది ఆయన చెవిలో పడిందో లేదో తేలలేదు. మళ్ళీ చెబితే కసురుకుంటాడు. అందుకని గుడ్డ తీసుకుని అల్మరా దగ్గరికి పోయాడు.

ఊడ్చే మనిషి చిన్నమ్మి గుమ్మంలో చీపురుతో ఉంది. వయసు నలభై లోపే. మాట పడదు, మాట దాచుకోదు. ఆమెను తొట్టి దగ్గరికి పిలిచి అదే సంగతి మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు. గుడ్డ తగలనివ్వొద్దు, బల్ల కదపొద్దు, ఎవరైనా ముట్టబోతే వద్దను.

చిన్నమ్మి జాలీలోంచి తొంగిచూసింది. "మావా, ఇంటికాడ అప్ప పురిటికి కూడా నువ్వింత కాపలా కాసుండవు."

"ఎకసెక్కాలాపు. ఇన్నావా నేదా?"

"ఇన్నాను. ముట్టకూడదు, అంతే కదా. దానికి నీ అంత మొగుడు దొరకడు."

నవ్వుతూ ఊడ్చుకుపోయింది.

బుధవారం సాయంత్రానికి సాలీడు గూడు మొదలెట్టింది. వెనక్కీ ముందుకీ మెల్లగా కదులుతూ కొబ్బరిపొట్టు మీద తెల్లటి పల్చని చాప అల్లుతోంది. ఒక్కో పోగూ వేసి ఆగుతుంది. అలసట తీర్చుకున్నట్టు ఉండి మళ్ళీ వేస్తుంది. కాలేబు తలుపు దగ్గరగా వేసి ఒక పొర అల్లిక అయ్యేదాకా చూశాడు.

సరిగ్గా రేపే అతనికి సెలవు కావాలి. ఉద్దానంలో అత్తవారి ఊరికి పట్నం నుంచి కిడ్నీ పరీక్షలవాళ్ళు వస్తున్నారు. బావమరిది ప్రదీప్ కుమార్ ముప్పైనాలుగేళ్ళవాడు. కొబ్బరిచెట్లు ఎక్కేవాడు. నాలుగు నెలలుగా గుమ్మం దిగలేదు. అతన్ని సైకిలు మీద కూర్చోబెట్టి నడిపించుకు వెళ్ళడానికి ఇంట్లో ఇంకో మగమనిషి లేడు. భార్య జ్ఞానసుందరి తమ్ముడి కోసం వారంనుంచీ చెబుతూనే ఉంది.

కాలేబు తెల్లకాగితం చించి పెద్ద అక్షరాలతో రాశాడు: 'ముట్టవద్దు. చావలేదు.' దాన్ని తొట్టి అద్దానికి, కుర్చీలో కూర్చున్నవాడికి ఎదురుగా కనబడేలా అంటించాడు.

*

పరీక్షలు చర్చి పక్కన పాకలో పెట్టారు. జనం వరుసలో కొందరు కూర్చుని, కొందరు కొబ్బరిమట్టల మీద ఒరిగి ఉన్నారు. కాళ్ళు ఉబ్బినవాళ్ళు, మొహాలు ఉబ్బినవాళ్ళు. ప్రదీప్ కుమార్ బావ భుజం మీద తల ఆనించి నిలబడ్డాడు. చెట్టు చివరినుంచి ఊరంతా వినబడేలా కేకలేసేవాడు, ఇప్పుడు మాట చెవిదగ్గర చెబితేగాని వినపడటం లేదు.

"బావా, పోయినేడు కూడా ఇలగే రగతం తీసినారు కదేటి?"

"తీసినారు."

"మరి ఏటి తేలిందట?"

వాళ్ళ వంతు వచ్చినప్పుడు కాలేబు అదే అడిగాడు. చేతికి తొడుగు వేసుకున్న కుర్రడాక్టరు తల ఎత్తకుండానే రబ్బరుపట్టీ బిగించాడు.

"పోయినసారి వచ్చింది వేరే టీమండీ. మాకు తెలీదు."

"మీరు తీసినదాని సంగతి ఎప్పుడు సెప్తారు బాబూ?"

"రిపోర్టు అవుతుంది. పైకి వెళుతుంది. తరువాత."

నాలుగోసారి పొడిస్తేగాని నరం దొరకలేదు. చిన్న గొట్టంలోకి రక్తం దిగింది. దానిమీద కుర్రవాడు పెన్నుతో ఒక అంకె రాసి పెట్టెలో గుచ్చాడు. పేరు రాయలేదు. అప్పటికే అందులో యాభైకి పైగా గొట్టాలున్నాయి. కాలేబు ఆ పెట్టెకేసి కొంచెంసేపు చూశాడు. వెనకవాళ్ళు జరగమన్నారు.

బావమరిదిని ఇంట్లో పడుకోబెట్టి, జ్ఞానసుందరి పెట్టిన చద్ది నిలబడే తిని, కాలేబు పలాస వచ్చేసరికి ఒంటిగంట దాటింది. టెక్కలి బస్సులో కూర్చోడానికి చోటు దొరికినా కూర్చోలేదు. ఈపాటికి సాలీడు వీపు మూత లేచి ఉంటుంది, అనుకున్నాడు. ముందు వీపు మీది పలక డబ్బామూతలా లేస్తుంది. తరువాత ఒక్కో కాలూ మేజోడులోంచి తీసినట్టు లాక్కుంటుంది. ఎనిమిది కాళ్ళూ రావాలి. ఒక్కటి ఇరుక్కుంటే దాన్ని అక్కడే వదులుకుంటుంది. మొదటిసారి మూడు గంటలు పట్టింది. రెండోసారి నాలుగు.

*

ల్యాబులో అడుగు పెట్టగానే ఫార్మలిన్ ఘాటు కళ్ళకి తగిలింది.

తొట్టి ఖాళీగా ఉంది. చాప మధ్యలో చిరిగి కొబ్బరిపొట్టులో కలిసిపోయి ఉంది. అద్దం మీద అతని కాగితం అలాగే అంటుకుని ఉంది. ముందు బల్ల మీద కొత్త సీసా.

కాలేబు దగ్గరికి వెళ్ళి వంగి చూశాడు. సాలీడు వెల్లకిలా, కాళ్ళు బార్లా చాచి మునిగి ఉంది. సీసాను మెల్లగా తిప్పాడు. వీపు పలక ఒకవైపు లేచి ఉంది. ఆ సందులోంచి లోపలి కొత్త ఒళ్ళు, తెల్లగా, పాలకోవా రంగులో కనబడుతోంది. ముందరి రెండు కాళ్ళు పాత పొరలోంచి సగం వరకు బయటికి వచ్చేశాయి. ఇంకో గంట. గంట కూడా కాదేమో.

అతను సీసా బల్లమీద దించాడు. అడుగు టక్కుమంది.

"వచ్చావా?" నారాయణమూర్తి పక్కగదిలోంచి వచ్చాడు. "సరిగ్గా కమిటీ ముందురోజే చావాలా అది? పదకొండింటికి చూస్తే వెల్లకిలా పడి ఉంది. వాసన కొట్టకముందే ఫార్మలిన్ పోయించేశాను. బతికున్నది లేకపోయినా స్పెసిమెన్ మిగిలింది."

"అది సావలేదు సార్."

"ఏమిటి?"

"సస్తే కాళ్ళు లోపలికి ముడుసుకుంటాది. ఇది సాపుకొని ఉన్నాది. నాను మంగళారం సెప్పినాను. అద్దం మీద రాసినాను కూడా."

నారాయణమూర్తి సీసావైపు చూడలేదు. కాలేబునే చూశాడు. "నువ్వు నాకు జువాలజీ చెబుతున్నావా?"

వరండాలో సెకండియర్ పిల్లలు రికార్డులు పట్టుకుని నిలబడ్డారు.

"ఏడో క్లాసు చదివి పదిహేడేళ్ళు సీసాలు కడిగితే లెక్చరర్ అయిపోరు. లేబుల్ రాయి. మామూలుగానే. ఒకవేళ కమిటీలో ఎవరైనా కెలికితే, ఊడ్చే మనిషి తెలియక పోసేసిందని చెబుదాం. పోసిందీ అదే కదా."

కాలేబు బయటికి వచ్చాడు. చిన్నమ్మి వరండా చివర బకెట్టులో గుడ్డ పిండుతోంది. అతన్ని చూసి గబగబా లేచింది.

"మావా, నీకోసమే సూత్తన్నాను. అది కాదు మావా, నాను..."

"నువ్వే పోసినావా?"

"పోసినాను గానీ, ముందు నామాట..."

"నీకేటని సెప్పినాను? ఎన్నిసార్లు సెప్పినాను? నవ్వుకుంటూ పోనావు. సీపురు పట్టిన సేతికి ఏటి తెలుస్తాది పానం అంటే. సెత్తకీ దానికీ నీకు ఒకటే. నీలాటిదానికి సెప్పడం నాదే బుద్ధితక్కువ."

గొంతు అంత పెద్దదని అతనికే తెలీదు. పిల్లలు ఇటు తిరిగారు. ఎవరో కిసుక్కుమన్నారు, తరువాత ఇంకొందరు నవ్వారు. చిన్నమ్మి చేతిలో గుడ్డ నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆమె గుడ్డ బకెట్టు అంచుకి వేసి, బకెట్టు ఎత్తుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

కొంచెం తేలికపడ్డట్టయింది కాలేబుకి. లోపలికి వచ్చి సొరుగులోంచి చీటీల కట్ట, నల్ల సిరా తీశాడు.

పాళీ సిరాలో ముంచి చాలాసేపు కాగితం పైన పట్టుకున్నాడు. తరువాత రాశాడు. పేరు: సాలీడు (పెద్దది). దొరికిన చోటు: జీడితోట, ఉద్దానం. సేకరించినవారు: కె. నారాయణమూర్తి, ఎమ్మెస్సీ. భద్రపరచినవారు: కె. నారాయణమూర్తి, ఎమ్మెస్సీ. ఎప్పుడూ పెద్దది, పిల్ల, ఆడ, మగ అని రాసే గీత దగ్గర ఆగాడు. స్థితి: ఆడది. పొర విడుస్తున్నది. తేదీ కింద సమయం కూడా వేశాడు. ఉదయం పదకొండు.

అందులో అబద్ధం ఒక్కటే, అది ఎప్పుడూ రాసేదే. మిగతాదంతా ఉన్నది ఉన్నట్టు.

నారాయణమూర్తి ఇంటికి పోతూ వంగి చీటీ చూశాడు. తన పేరున్న గీత దాకా చదివి, "ఊఁ, అక్షరాలు కుదిరాయి. అంటించు," అన్నాడు.

*

కమిటీలో ముగ్గురు. ఇద్దరు ప్రిన్సిపాల్ గదిలోనే కాగితాలు తిప్పుతూ కూర్చున్నారు. ల్యాబు చూడటానికి మూడో ఆమె ప్రిన్సిపాల్‌తో కలిసి వచ్చింది. ప్రమోదిని మేడం, జువాలజీయే. పొట్టిగా, నేతచీరలో, మెడలో కళ్ళజోడు తాడుతో వేలాడుతోంది. నారాయణమూర్తి ఒక్కో సీసా దగ్గరా తను ఎండలో ఎలా తిరిగి ఏరాడో చెబుతున్నాడు. కాలేబు తలుపు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ముందు బల్ల దగ్గర ఆమె కళ్ళజోడు పెట్టుకుంది. సీసాను రెండు చేతులతో ఎత్తి వెలుతురుకి పట్టింది. ఒక పక్కకి తిప్పింది. ఆగింది.

"ఇది మోల్టింగ్‌లో ఉందండీ."

"అంటే..." నారాయణమూర్తి దగ్గరికి వచ్చాడు.

"వీపు మీద కారపేస్ లేచి ఉంది చూడండి. కాళ్ళు కూడా సగం వచ్చేశాయి. ప్రాణంతో ఉండగా ఫార్మలిన్‌లో వేశారు. ఎవరు వేశారు?"

"అదే మేడం, మా దగ్గర ఊడ్చే మనిషి ఒకామె ఉంది, చదువూ సంధ్యా లేనిది. నేను చూసేలోపలే..."

ఆమె చీటీ చదువుతోంది. పెదవులు మెల్లగా కదులుతున్నాయి. చివరిదాకా చదివింది.

"ఇక్కడ మీ పేరుంది కదండీ," అంది. "రెండు చోట్లా. టైముతో సహా."

నారాయణమూర్తి చీటీ మీదికి వంగాడు. చెవుల వెనక ఎర్రబడింది. ప్రిన్సిపాల్ గొంతు సవరించుకుని, కాఫీ చల్లారిపోతోంది మేడం, అన్నాడు.

ఆమె సీసాను దించి, కళ్ళజోడు వదిలేసింది. "మంచి స్పెసిమెనే. పిల్లలకి చూపించేటప్పుడు ఇలా ఎందుకయిందో కూడా చెప్పండి," అంది. గొంతులో కోపం లేదు. తరువాత సీసా చూడటానికి పక్కకి జరిగింది.

పలాస జీడిపప్పు పళ్ళెం ఖాళీ అయింది. కాగితాల మీద ముగ్గురూ సంతకాలు పెట్టారు. కారు గేటు దాటి పోయింది. ఎవరికీ ఏమీ కాలేదు.

నారాయణమూర్తి తిరిగి వచ్చి ల్యాబు తలుపు వేశాడు.

"కావాలని రాశావు."

"మామూలుగా రాయమన్నారు సార్. రాసినాను."

"పొర విడుస్తున్నది అని రాయమన్నానా?"

"ఉన్నది రాసినాను."

పదిహేడేళ్ళలో ఆయన కళ్ళలోకి ఇంతసేపు చూడటం ఇదే మొదటిసారి. కాలేబుకి అనుకున్నంత భయం వెయ్యలేదు. నారాయణమూర్తే ముందు చూపు తిప్పుకున్నాడు.

"మీ ఇద్దరూ కూడబలుక్కున్నారు. నాకు తెలుసు. నిన్న అదీ ఇంతే. పొయ్యనంటే పొయ్యనని డబ్బా కింద పెట్టేసింది. కాలేబు మావ వద్దన్నాడు, ఆయనొచ్చేదాకా ఆగండి బాబూ అని నాకే ఎదురు చెప్పింది. ఇవాళే పనిలోంచి తీసేస్తానంటే అప్పుడు పోసింది. పోస్తూ కూడా కాళ్ళు కదుపుతోంది బాబూ, తీసేస్తాను బాబూ అని ఒకటే గోల. ఒకడు రాత, ఒకతి నోరు. చూస్తాను మీ సంగతి."

తలుపు గోడకి కొట్టుకుంది. ఆయన వెళ్ళిపోయాడు.

కాలేబు మెట్లు దిగి వెనకవైపు కుళాయి దగ్గరికి నడిచాడు.

చిన్నమ్మి కమిటీవాళ్ళ కాఫీ గ్లాసులు కడుగుతోంది. కొబ్బరిపీచుకి బూడిద అద్ది, ఒక్కోటీ లోపలా బయటా తోమి, పక్కన బోర్లిస్తోంది. అతని నీడ పడినా తల ఎత్తలేదు.

"సిన్నమ్మీ."

గ్లాసు తిప్పి అడుగు తోమింది.

"ఆయన నీమీదకి తోసేయాలని సూసినాడు. కుదర్నేదు. సీటీ మీద ఆయన పేరే ఎక్కించినాను. నీ పేరు రానేదు."

"వత్తే ఏటవుద్ది?"

"పని పోయీది."

"పోతే ఇంకో సోట ఊడుత్తాను." గ్లాసు బోర్లించింది. "ఆయన పొయ్యమన్నాడు, నానొద్దన్నాను. తీసేస్తానన్నాడు, పోసినాను. ఆయన సంగతి నాకు తెలుసు, నా సంగతి ఆయనకి తెలుసు. అక్కడికది సరిపోనాది. రాత్రి అన్నం దగ్గర కూకుంటే ఆ కాళ్ళే అగుపించినాయి మావా. రెండు కాళ్ళు, ఇలగ." తడిచేతి వేళ్ళు రెండు ఎత్తి, మెల్లగా వంచింది. "నువ్వొస్తే సెప్పుకుందారని సూసినాను. నీకు తప్పితే ఎవులికి తెలుస్తాది?"

చిన్నమ్మి ఇంకో గ్లాసు అందుకుంది.

"సీపురు పట్టిన సెయ్యని ఆయన అన్నేదు. పోస్తన్నప్పుడు కూడా అన్నేదు. పిల్లలందరి ముందరా ఆ మాటన్నది నువ్వు."

తప్పయిపోయింది అన్న మాట కాలేబుకి కొత్త కాదు. సీసా పగిలినా, బస్సు ఆలస్యమయినా, తన తప్పు లేకపోయినా నారాయణమూర్తి ముందు ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. అడక్కుండానే వచ్చేది. ఇప్పుడు నాలుక మీదికి తెచ్చుకోబోతే రాలేదు. ఊడ్చే మనిషికి ఆ మాట ఎలా చెప్పాలో అతనికి ఎవరూ నేర్పలేదు.

"తప్పుకో," అంది చిన్నమ్మి. "నీళ్ళు పారబొయ్యాల."

అతను తప్పుకోలేదు. ఆమె ఒక్క క్షణం చూసి, అతని కాళ్ళ మీదుగానే బకెట్టు వంచింది.